చామనఛాయ పెదవికి అరువు కొలతలు: నెల్లూరు, ఒంగోలు స్కిన్ క్లినిక్కులకు, బ్యూటీ పార్లర్లకు బహిరంగ లేఖ

నెల్లూరు పొగతోట, మాగుంట లేఅవుట్ మొదలు కావలి, కందుకూరు, ఒంగోలు దాకా పెదవులకు ఫిల్లర్లు (పెదవిని నింపే జెల్ సూదులు) వేస్తున్నవారికి, పార్లర్‌లో కూర్చోబెట్టి ‘లిప్ బ్లష్’ (పెదవికి రంగు టాటూ) చేస్తున్నవారికి, పెళ్ళికూతుళ్ళను మీ దగ్గరికి పంపిస్తున్న మేకప్ ఆర్టిస్టులకు నమస్కారం.

ఈ పని మానేయమని మేం అడగడం లేదు. మేమూ చేస్తాం. మా పేచీ ఒక్కటే. మన ఆడవాళ్ళ మూతికి ఎక్కడివో కొలతలు, ఎవరిదో రంగు తెచ్చి అతికిస్తున్నారు. అది అందంగా ఉందా లేదా అన్నది తర్వాతి మాట. ఆ కొలతల వల్లే మచ్చలు పడుతున్నాయి, గడ్డలు కడుతున్నాయి, ఒక్కోసారి పెదవికి నెత్తురు ఆగిపోతున్నా ఎవరూ కనిపెట్టడం లేదు.

ముందు, వచ్చిన మనిషి ఏమడుగుతోందో చూడండి. ‘పెదాలు పెద్దవి చెయ్యండి’ అనేవాళ్ళు మన దగ్గర తక్కువ. ‘నవ్వితే పై పెదవి లోపలికి మడతపడి మాయమైపోతోంది’, ‘ఎడమ పక్క పల్చగా ఉంది’, ‘లిప్‌స్టిక్ అంచు నిలవట్లేదు’, ‘పైన నలుపు, కింద ఎరుపు, రెండూ ఒకటి కావా?’ ఇవీ వినపడే మాటలు. వాటన్నిటికీ చివర ఒక షరతు ఉంటుంది: చేయించుకున్నట్టు ఎవరికీ తెలియకూడదు. ఈ మాటల్లో ఎక్కడా ఒక మి.లీ. సిరంజి మొత్తం ఖాళీ చెయ్యమని లేదు.

అమెరికాలోని నల్లజాతి స్త్రీల గురించి చర్మవైద్యులు రాసినవాటిలోనూ ఇదే కనిపిస్తుంది. పుట్టుకతో నిండుగా ఉన్న పెదవి కాబట్టి వాళ్ళు సైజు కోసం రారు. వయసుతో పోయినదాన్ని, ముఖ్యంగా పై పెదవి నిండుదనాన్ని, తిరిగి తెచ్చుకోవడానికి వస్తారు. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఎక్కువున్నవాళ్ళకి ఎండ దెబ్బ తక్కువ. అందుకే మూతి చుట్టూ నిలువు గీతలు తెల్లవాళ్ళకి పడే వయసులో వీళ్ళకి పడవు, చాలా ఆలస్యంగా పడతాయి. మన ఊళ్ళలో నలభై అయిదు దాటి వచ్చేవాళ్ళ సంగతీ దాదాపు ఇదే. ఒక తేడా ఉంది. పై పళ్ళు ఊడి కట్టించుకోకుండా వదిలేస్తే పెదవికి వెనక ఆసరా ఉండదు. ఆ లోటును ఫిల్లర్‌తో పూడ్చబోవడం దండగ. ముందు దంత వైద్యుడి దగ్గరికి పంపండి.

ఇక కొలతలు. ట్రైనింగ్ కోర్సుల్లో పై పెదవికి, కింది పెదవికి 1:1.6 నిష్పత్తి అని నూరిపోస్తారు. అది యూరప్ ముఖాలను చూసి ఏర్పరచుకున్న లెక్క. ఆఫ్రికా సంతతి స్త్రీలలో రెండు పెదవులూ సుమారు సమానంగా, 1:1కి దగ్గరగా ఉండటం మామూలు, వాళ్ళు ఇష్టపడేదీ అదే. మన స్త్రీలు ఈ రెంటికీ నడుమ ఎక్కడైనా ఉండొచ్చు. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్ళకే కొలతలు వేరుగా ఉంటాయి. చర్మం రంగుకు వాడే తరగతుల కథా ఇంతే. 1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ మొదలుపెట్టినప్పుడు అవి తెల్ల చర్మం ఎండకు ఎలా కమిలిపోతుందో చెప్పడానికి నాలుగే. ముదురు చర్మానికి ఐదు, ఆరు తర్వాత చేరాయి. మన జిల్లాల వాళ్ళు ఎక్కువమంది నాలుగు, ఐదుల్లో పడతారు. పుస్తకంలోని బొమ్మ మాత్రం ఇప్పటికీ రెండో తరగతి, అంటే తెల్ల చర్మపు మనిషిదే.

కాబట్టి సూది తీసేముందు కాలిపర్ (మి.మీ.లో కొలిచే పనిముట్టు) తీయండి. నోరు మూసి, కండరాలు వదులుగా ఉన్నప్పుడు పై పెదవి నడిమి ఎత్తు, కింది పెదవి నడిమి ఎత్తు, రెండు పక్కల ఎత్తు మి.మీ.లో రాసుకోండి. నవ్వించి మళ్ళీ కొలవండి. తర్వాత తప్పకుండా పక్కనుంచి చూడండి. అసలు తప్పులు జరిగేది అక్కడే.

దక్షిణాదిలో ముందు పళ్ళు, వాటిని పట్టుకున్న ఎముక కొంచెం ముందుకు ఉండటం చాలామందిలో మామూలు. ఎత్తుపళ్ళు అని ఎవరూ వేలుపెట్టి చూపించేంత ఉండకపోవచ్చు. అయినా పెదవి అప్పటికే ముందుకు వచ్చి ఉంటుంది. ముక్కు కొన నుంచి గడ్డం కొనకు గీసే రికెట్స్ రేఖకు పై పెదవి 4 మి.మీ., కింది పెదవి 2 మి.మీ. వెనక ఉండాలన్న లెక్క కూడా తెల్లవాళ్ళదే. మనవాళ్ళలో పెదవి ఆ గీతను తాకినా, కాస్త దాటినా లోపం కాదు. అలాంటి మూతికి ఇంకో 0.8 మి.లీ. ఎక్కిస్తే పెదవి పైకి లేవదు, ముందుకు తన్నుకొస్తుంది. ఎదురుగా తీసిన ఫోటోలో బాగానే ఉంటుంది. పెళ్ళి వీడియోలో పక్కనుంచి చూస్తే బాతు మూతి. గడ్డం లోపలికి ఉన్నవాళ్ళకి గడ్డం కొనలో కొద్దిగా నింపితే పెదవిని ముట్టుకోకుండానే ముఖం సర్దుకుంటుంది. పళ్ళే కారణమైతే అది పళ్ళ వరస సరిచేసే ఆర్థోడాంటిస్టు పని. నవ్వితే చిగుళ్ళు కనిపించడమే బాధ అయితే దానికి కొద్ది యూనిట్ల బొటాక్స్ ఉంది, ఫిల్లర్ కాదు.

అంచు సంగతి కూడా చూడండి. మన స్త్రీలలో పెదవికి, చర్మానికి మధ్య గట్టు చాలామందికి పుట్టుకతోనే స్పష్టంగా ఉంటుంది. ఉన్న గట్టు మీద మళ్ళీ ఫిల్లర్ పోస్తే ముక్కు కింద అరుగు కట్టినట్టవుతుంది. అంచు నిజంగా చెరిగిపోయిన చోట మాత్రమే, అదీ చిన్న చిన్న ముక్కలుగా వెయ్యాలి.

మొదటిసారి వచ్చిన మనిషికి రెండు పెదవులకూ కలిపి 0.5 నుంచి 0.7 మి.లీ. చాలు. అందులో సగానికి పైగా పై పెదవికే పోవాలి. ఒక మి.లీ. అంటే టీ చెంచాలో ఐదో వంతేగా అని తీసిపారేయకండి, పెదవిలో అది చాలా ఎక్కువ. వాపు మొదటి 24 నుంచి 48 గంటల్లో బాగా పెరుగుతుంది. రెండు వారాలకు గాని అసలు ఆకారం తేలదు. మూడో రోజు ‘ఒక పక్క తక్కువైంది’ అని వస్తే మళ్ళీ సూది పెట్టకండి. ఆ తేడా చాలావరకు వాపుదే.

మిగిలిన సగం సిరంజి ఏం చెయ్యాలి? పారెయ్యాలి. టచప్ కోసం ఫ్రిజ్‌లో దాచడం, ఇద్దరు స్నేహితురాళ్ళకు ఒకే సిరంజి సూది మార్చి పంచడం, రెండూ జరుగుతున్నాయి. సూది మారినా సిరంజి లోపలికి నెత్తురు వెనక్కి లాగబడుతుంది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పాకడానికి అంత దారి చాలు. డబ్బా మీద ఒక్కరికి, ఒక్కసారికి అని రాసి ఉండేది అందుకే.

నల్ల చర్మంలో ప్రతి సూది రంధ్రమూ ఒక మచ్చకు విత్తనం. కమిలిన చోట మెలనిన్ పేరుకుని గోధుమరంగు చుక్క మిగులుతుంది, పోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి పొడిచే చోట్లు తగ్గించండి. ఒక్క రంధ్రం నుంచే సూదిని వెనక్కి లాగుతూ గీతలా వదలండి, లేదా మూతి మూలన ఒక్క రంధ్రం చేసి 25 గేజ్ మొద్దు కాన్యులా (మొన లేని సన్నని గొట్టం) తోయండి. చర్మం మీద కాకుండా పెదవి ఎరుపు భాగంలోనే పొడిస్తే మచ్చ కనపడదు. కీలాయిడ్ చరిత్ర అడగండి. చెవులు, ముక్కు కుట్టించుకున్నప్పుడు కండ పెరిగిందా అంటే ఎవరైనా చెప్తారు.

ఇక్కడ పార్లర్లు ఒక సాయం చెయ్యాలి. ఫిల్లర్ వేసే రోజే పై పెదవికి త్రెడ్డింగు, వ్యాక్సింగు, బ్లీచు చెయ్యకండి. ముందు వారం, వెనక వారం ఆపండి. దారంతో గీరుకున్న చర్మం మీద మత్తు క్రీము, దాని మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద సూది పడితే మంట, పొక్కులు, ఆ తర్వాత మీసంకట్టు మీద నల్ల చార. పెళ్ళికూతురిని చేసే రోజున నలుగు పెడతారు గదా. పచ్చి రంధ్రాల మీద సున్నిపిండి, పసుపు రుద్దితే చీము పట్టొచ్చు. కనీసం రెండు రోజులు మూతి చుట్టూ వదిలెయ్యమని ఆ ఇంటి పెద్దవాళ్ళకు మీరే చెప్పండి, పిల్ల చెప్తే వినరు. అసలు ముహూర్తానికి నాలుగు వారాల లోపు ఫిల్లర్ ఒప్పుకోవద్దు. మత్తు దిగేదాకా చేపల పులుసు అన్నం కూడా వద్దు. కారం తెలియదు, పెదవి కొరుక్కున్నా తెలియదు.

జ్వరం వస్తే పెదవి మీద పొక్కులు లేచే అలవాటుందా అని తప్పకుండా అడగండి. అది హెర్పిస్. సూది దాన్ని నిద్రలేపుతుంది. అలాంటివారికి డాక్టరు రాసిన వాలాసైక్లోవిర్, సాధారణంగా 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ముందు రోజు నుంచే మొదలవ్వాలి. హెర్పిస్ పొక్కు మానిన చోట మన చర్మంలో నల్ల మచ్చ మిగలొచ్చు. ఆస్పిరిన్, బ్రూఫెన్, చేప నూనె మాత్రలు, విటమిన్ ఇ వారం ముందు ఆపితే కమలడం తగ్గుతుంది. గుండెకు రాసిన ఆస్పిరిన్ జోలికి మాత్రం పోకండి.

ఇప్పుడు రంగు. పై పెదవి ముదురు, కింది పెదవి నడుమ ఎరుపు, ఇది మన దగ్గర సహజమైన జంట రంగు. రోగం కాదు. ఫిల్లర్‌తో నలుపు తగ్గుతుందని చెప్పే క్లినిక్కులు ఉన్నాయి, అది అబద్ధం. పైగా పెదవిని బాగా ఉబ్బిస్తే లోపలి తడి భాగం బయటికి తిరుగుతుంది. అది ఎర్రగా ఉంటుంది. దాంతో నలుపు, ఎరుపుల మధ్య గీత ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే వారం తర్వాత ఆ అమ్మాయి అద్దం ముందు ఏడుస్తుంది.

లిప్ బ్లష్ చేసేవాళ్ళు వాడే లేత గులాబీ రంగుల్లో తెల్లదనం కోసం టైటానియం డయాక్సైడ్ కలుస్తుంది. తెల్ల పెదవి మీద అది గులాబీ. నల్ల పెదవి మీద కింది మెలనిన్‌తో కలిసి బూడిదరంగుకో, ఊదాకో తిరుగుతుంది. సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది. ముదురు పెదవికి మొదటి విడత నారింజ ఛాయతో నలుపును సర్ది, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, రెండో విడతలో ఇటుక ఎరుపో, వెచ్చని గోధుమ గులాబో వెయ్యాలి. అంటే పెళ్ళికి మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. రంగు చెడింది గదా అని లేజర్ కొడితే ఇంకో ప్రమాదం. టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగులు లేజర్ తగలగానే అక్కడికక్కడే నల్లబడతాయి. ముందుగా చెవి వెనకో, పెదవి లోపలో చుక్క పరీక్ష చెయ్యకుండా లేజర్ ముట్టుకోవద్దు. టాటూ లేని పెదవి నలుపుకు లేజర్ తప్పదనుకుంటే 1064 నానోమీటర్ల క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ:యాగ్ మన చర్మానికి కాస్త నయం, 532తో తెల్ల మచ్చలూ నల్ల మచ్చలూ ఎక్కువ.

ఆ నలుపు పుట్టుకతో కాక తర్వాత వచ్చిందంటే కారణం వెతకాలి. పెదవి నాకే అలవాటు, లిప్‌స్టిక్ పడకపోవడం, టూత్‌పేస్ట్ పడకపోవడం, పొగ, బి12 లోపం, కొన్ని మందులు. ఆకు వక్క, గుట్కా అలవాటున్న మనిషి నోరు తెరిపించి లోపల చూడండి. మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోయినా, తెల్ల మచ్చ ఉన్నా, మూడు వారాలు దాటిన పుండు ఉన్నా దాని మీద రంగు వెయ్యడం నేరం కిందే లెక్క. దంత వైద్యుడికో, ఈఎన్‌టీకో పంపండి. పెదవి తెలుపుకు బీటామెథసోన్, క్లోబెటాసోల్ కలిసిన ట్యూబులు అంటగట్టడం కూడా ఆపండి. 2018 నుంచి ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు షెడ్యూల్ హెచ్ కింద ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. పెదవికి మన వాతావరణంలో నిజంగా పనికొచ్చేది ఐరన్ ఆక్సైడ్ ఉన్న, రంగు వేసిన ఎస్‌పీఎఫ్ 30 బామ్. ముదురు చర్మాన్ని నల్లబరచేది అల్ట్రావయొలెట్ ఒక్కటే కాదు, కంటికి కనపడే వెలుగు కూడా. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడే.

ఈ ఉత్తరంలో మీరు ఒక్క పేరా మాత్రమే చదివేట్టయితే ఇది చదవండి. ఫిల్లర్ ధమనిలోకి పోయినా, దాన్ని బయటనుంచి నొక్కేసినా పెదవికి నెత్తురు ఆగుతుంది. పెదవి ధమని ఎక్కువమందిలో లోపలి తడి పొర కిందే పోతుంది. అందుకే లోతుగా, లోపలి వైపుకు పొడవకండి. తెల్ల చర్మంలో ఆ చోటు సున్నంలా తెల్లబడుతుందని పుస్తకం చెప్తుంది. మన చర్మంలో ఆ తెలుపు అంత తేలిగ్గా కనపడదు. బూడిదరంగు, ఊదా ఛాయ, వల లాంటి గీతలు, ఇవి కూడా మసక వెలుతురులో తప్పిపోతాయి. కాబట్టి పెదవిని తిరగేసి లోపలి పొరను, చిగుళ్ళను చూడండి. వేలితో నొక్కి వదిలితే ఎరుపు రెండు, మూడు సెకన్లలో తిరిగి రావాలి. రెండో పక్కతో పోల్చండి. మూడు దాటితే ఆగిపోండి. నొప్పి లేదు గదా అని ధీమా పడకండి, మత్తు ఇచ్చారు. ఆ మత్తులో అడ్రినలిన్ ఉంటే అది కూడా పెదవిని తెల్లబరచి మిమ్మల్ని మోసం చేస్తుంది. పెదవికి అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ మత్తు మందు వాడటం మేలు.

నెత్తురు ఆగిందని తేలిందంటే చెయ్యాల్సింది: సూది ఆపి, వెచ్చని గుడ్డతో కాపడం, గట్టిగా మర్దన, హయలురోనిడేజ్ (ఫిల్లర్ జెల్‌ను కరిగించే ఎంజైమ్). 1500 యూనిట్ల వయల్‌ను 1 నుంచి 2 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కరిగించి, దెబ్బతిన్న సగం పెదవికి సుమారు 500 యూనిట్లు ఆ చోటంతా పరచాలి. గంట తర్వాత మళ్ళీ నొక్కి చూసి, ఎరుపు తిరిగి రాకపోతే మళ్ళీ అంతే. ఎరుపు వచ్చేదాకా గంట గంటకూ. ఆస్పిరిన్ పడేవాళ్ళకైతే ఒక మాత్ర. తేనెటీగ, కందిరీగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు లేచే మనిషికి ఈ ఎంజైమ్ పడకపోవచ్చు. అది ముందు రోజే అడిగి రాసుకోండి. చెన్నై పంపిస్తాం అంటారా, నెల్లూరు నుంచి అది మూడు గంటలు. ఒంగోలు నుంచి విజయవాడ కూడా దాదాపు అంతే. కళ్ళు మసకబారితే అంత సమయం ఉండదు, ఊళ్ళోనే కంటి డాక్టరుకు అప్పుడే ఫోన్ వెళ్ళాలి. మా లెక్కలో కనీసం నాలుగు వయల్స్ గడువు దాటకుండా మీ గదిలో లేకపోతే ఆ రోజు ఫిల్లర్ వెయ్యకూడదు. ఇంకో సంగతి, ఈ ఎంజైమ్ హయలురోనిక్ ఆసిడ్ జెల్‌నే కరిగిస్తుంది. సిలికాన్‌నో, క్యాల్షియం ఫిల్లర్‌నో కరిగించదు. సిలికాన్ పెదవిలో పోసినవాళ్ళకి ఏళ్ళ తర్వాత గడ్డలు లేవొచ్చు, చాలాసార్లు కొయ్యాల్సి వస్తుంది.

రాత్రి పదింటికి పెదవి నల్లబడుతోందని ఫోన్ వస్తే ఎత్తే నంబరు చీటీ మీద ఉండాలి. రిసెప్షన్ నంబరు కాదు.

మే నెల సంగతి ప్రత్యేకం. చాలా ఫిల్లర్ల డబ్బా మీద 25 డిగ్రీలు దాటొద్దని ఉంటుంది. రోహిణి కార్తెలో చెన్నై నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చిన పెట్టె మధ్యాహ్నం దాకా బస్టాండులో పడి ఉంటే, లోపల జెల్ ఎలా ఉందో కంటికి తెలియదు. ఐస్ ప్యాక్, ఉష్ణోగ్రత స్టిక్కరు లేని పార్సిల్ వెనక్కి పంపండి. కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు ఆగిందో రాసుకోండి. అలాగని ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకట్టిన జెల్ పాడైపోతుంది.

దిగుమతి ఫిల్లర్ పెట్టె మీద మన దేశపు దిగుమతిదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు ఉండాలి. మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 చెప్పేది అదే. కొరియా అక్షరాలు తప్ప ఏమీ లేని పెట్టెలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ధర సగం. లాట్ నంబరు స్టిక్కరు రెండు ఉంటాయి. ఒకటి మీ రికార్డులో, ఒకటి ఆ మనిషి కార్డులో అంటించండి. సూది లేకుండా ఒత్తిడితో జెల్ కొట్టే ‘హయలురాన్ పెన్ను’ పార్లర్లకు సుఖంగా కనిపిస్తోంది. 2021 అక్టోబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని వాడొద్దని హెచ్చరించింది. ఎంత లోతుకు, ఎటు పోతుందో వాడే మనిషి చేతిలో ఉండదు. అదే ఎఫ్‌డీఏ 2011లో పెదవులకు ఒక హయలురోనిక్ ఫిల్లర్‌ను ఒప్పుకున్నప్పుడు 21 ఏళ్ళు దాటినవారికే అంది. ఇంటర్ పిల్లలకు వెయ్యడానికి ఇక్కడ ఎవరికీ కారణం కనపడదు.

మేం అడిగేవి ఇవి. పార్లర్లలో ఫిల్లరు, పెన్ను రెండూ ఈ నెలతో ఆగాలి. క్లినిక్కుల్లో వేసేది రిజిస్టర్డ్ డాక్టరే అయ్యుండాలి, 2002 ఆంధ్రప్రదేశ్ చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం గోడ మీద కనపడాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, అందులో నెత్తురు ఆగడం, మచ్చ, గడ్డ, రంగు తేడా అన్న మాటలు ఉండాలి. బోర్డు మీద ‘పింక్ లిప్స్’ అంటూ పెట్టే ‘ముందు, తర్వాత’ బొమ్మల్లో చామనఛాయ మనిషి ఒక్కరైనా ఉండాలి. ఆ ఫోటో కూడా ఫిల్టరు లేకుండా, కిటికీ వెలుతురులో, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి.

ఈ ఉత్తరం ప్రతిని రెండు జిల్లాల వైద్య ఆరోగ్యశాఖాధికారులకు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకు పంపుతున్నాం. తెలుగు సమ్మతి పత్రం నమూనా, హయలురోనిడేజ్ వాడకం చార్టు మా దగ్గర ఉన్నాయి. అడిగిన క్లినిక్కుకు ఉచితంగా ఇస్తాం, గోడకు అంటించుకోండి.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చర్మ చికిత్స చేస్తున్న కొందరు వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు